పరాన్నజీవి లోపల వైరస్: లెక్కలోకి రాని మూడో పక్షం

దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా అమెజాన్ ప్రాంతంలో, లీష్మేనియా అనే ఏకకణ పరాన్నజీవి తెచ్చే ఒక రకం జబ్బు వైద్యుల్ని చాలాకాలం తికమక పెట్టింది. శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుట్టిన చోట పుండు పడుతుంది. కొన్ని నెలలకు అది మాని మచ్చ మిగులుతుంది. చాలామందికి జబ్బు అంతటితో సరి. కొద్దిమందిలో మాత్రం, ఒక్కోసారి ఏళ్లు గడిచాక, ముక్కు లోపలా నోటి లోపలా అదే జబ్బు మళ్లీ లేస్తుంది. ఈసారి అది మృదులాస్థిని తినేస్తుంది, ముఖం రూపే మారిపోతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ పుండులోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితే పరాన్నజీవులు వెతికి పట్టుకోవలసినంత తక్కువగా ఉంటాయి. నష్టం చూస్తే కొండంత. అందులో ఎక్కువ భాగం చేసేది పరాన్నజీవి కాదు, దాని మీదికి దూకిన మన రోగనిరోధక వ్యవస్థే. మరి దాన్ని అంతగా రెచ్చగొడుతున్నది ఏమిటి?

ఈ ప్రశ్నకు గట్టిగా వినిపిస్తున్న జవాబుల్లో ఒకటి పరాన్నజీవి లోపలే ఉంది. కొన్ని లీష్మేనియాలకు వాటి సొంత వైరస్ ఉంటుంది. పరాన్నజీవి మనిషి కణంలోకి దూరే నాటికే వైరస్ ఆ పరాన్నజీవిలో కాపురం పెట్టి ఉంటుంది. మనిషికీ పరాన్నజీవికీ మధ్య పోరు అనుకున్న జబ్బులో ఇలా మూడో పక్షం బయటపడింది. ఆ మూడో పక్షం మన కణాల్లో పెరగదు, మనకు అంటుకోదు. అయినా జబ్బు నడకను మార్చగలదు.

ఇలాంటి వైరస్‌లు ఉన్నాయన్న అనుమానం కొత్తది కాదు. 1960, 70 దశకాల్లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద అమీబాల్లో, లీష్మేనియాల్లో వైరస్‌ను పోలిన గుండ్రటి రేణువులు కనిపించాయి. చూసినవాళ్లు వాటిని ‘వైరస్ లాంటి రేణువులు’ అని రాసి ఊరుకున్నారు. అసలు ఆధారం 1980లలో దొరికింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆలిస్ వాంగ్, చింగ్ చుంగ్ వాంగ్ ట్రైకోమోనాస్ వజైనాలిస్ మీద పనిచేస్తున్నారు. లైంగిక సంబంధాల ద్వారా వ్యాపించే ఏకకణ పరాన్నజీవి అది. దాని కణాల్లోని జన్యు పదార్థాన్ని జెల్ మీద విడగొడితే మామూలుగా రావలసిన గీతలతో పాటు ఒక అదనపు గీత వచ్చింది. పరీక్షిస్తే అది డీఎన్ఏ కాదు, రెండు పోగుల ఆర్ఎన్ఏ. ఏ కణమూ తన సొంత పనికి వేల అక్షరాల పొడవున్న రెండు పోగుల ఆర్ఎన్ఏను దాచుకోదు. అది కనిపించిందంటే వైరస్‌ను అనుమానించాల్సిందే. 1986లో ఈ ఇద్దరూ ట్రైకోమోనాస్‌లోనూ, పేగుల్లో చేరి విరేచనాలు పట్టించే జియార్డియాలోనూ అలాంటి వైరస్‌లు ఉన్నాయని ప్రకటించారు. 1988లో మరో బృందం లీష్మేనియాలో ఆర్ఎన్ఏ వైరస్‌ను పట్టుకుంది. దాన్నే ఇప్పుడు లీష్మేనియా ఆర్ఎన్ఏ వైరస్ 1, పొట్టిగా ఎల్ఆర్‌వీ1 అంటున్నారు.

వీటి జన్యు సంపద చాలా చిన్నది. ఎల్ఆర్‌వీ1 పొడవు సుమారు 5,300 అక్షరాలు. ట్రైకోమోనాస్ వైరస్‌లు 5,000 లోపే, జియార్డియా వైరస్ 6,300 దాకా. కోవిడ్ కరోనా వైరస్ 30,000 అక్షరాలది కాబట్టి, దాని ముందు ఇవి ఐదారో వంతు ఉంటాయి. ఈ కాస్త జాగాలో రెండే ప్రొటీన్లు రాసి ఉంటాయి. ఒకటి వైరస్ ఆర్ఎన్ఏను చుట్టి ఉండే పైగుల్లను కట్టే ప్రొటీన్, రెండోది ఆర్ఎన్ఏకు నకళ్లు తీసే ఎంజైమ్. మరో కణం తలుపు తీయడానికి కావలసిన ఉపరితల ప్రొటీన్లు గానీ, ఆతిథ్య కణాన్ని పగలగొట్టి బయటపడే సరంజామా గానీ వీటికి లేవు.

అయితే బతికేది ఎలా? బయటికి పోకుండానే బతుకుతాయి. గుల్ల ఎప్పుడూ పూర్తిగా విచ్చుకోదు. రెండు పోగుల ఆర్ఎన్ఏ లోపలే ఉంటుంది, నకలు తీసే ఎంజైమ్ కూడా అక్కడే ఉంటుంది. తయారైన ఒంటిపోగు నకళ్లు మాత్రం గుల్లకున్న సన్నటి రంధ్రాల గుండా బయటికి వస్తాయి. కణంలోని రైబోసోమ్‌లు వాటిని చదివి ప్రొటీన్లు చేసిపెడతాయి. ఆ ప్రొటీన్లు కొత్త గుల్లగా అల్లుకుని ఒక నకలును లోపల వేసుకుంటాయి. పరాన్నజీవి రెండుగా చీలినప్పుడు రెండు పిల్ల కణాలకూ కొన్ని గుల్లలు పోతాయి. ఈ పద్ధతిలో తరాలు గడిచిపోతాయి. రెండు పోగుల ఆర్ఎన్ఏ కణ ద్రవంలోకి రాదు కాబట్టి ఆతిథ్య కణపు రక్షణ యంత్రాంగానికి పట్టుబడే అవకాశమూ తక్కువే. లీష్మేనియా జాతుల వంశవృక్షాన్నీ, వాటి వైరస్‌ల వంశవృక్షాన్నీ పక్కపక్కన పెడితే కొమ్మలు చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి. ఈ సహజీవనం ఎంత పాతదో ఆ పోలికే చెబుతుంది.

జియార్డియా వైరస్ దీనికి మినహాయింపు. అది బయటి ద్రవంలోకి విడుదలై, వైరస్ లేని జియార్డియాలకు నేరుగా అంటుకోగలదు. మోతాదు మరీ ఎక్కువైతే జియార్డియా ఎదుగుదల ఆగిపోతుంది. ఇలా నేరుగా అంటుకునే గుణం వల్లే 1990లలో జియార్డియాలోకి కొత్త జన్యువుల్ని చేరవేసే వాహనంగా దాన్ని వాడుకున్నారు.

ఇక్కడ ఒక సహజమైన ఆశ పుడుతుంది. బ్యాక్టీరియాను చంపే ఫేజ్ వైరస్‌లు ఉన్నప్పుడు పరాన్నజీవిని చంపే వైరస్‌లు ఎందుకు ఉండవు? శత్రువుకు శత్రువు మిత్రుడే కదా? ఈ ఆశకు ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. చెస్ట్‌నట్ చెట్లను ఎండబెట్టే శిలీంధ్రానికి ఒక వైరస్ సోకితే ఆ శిలీంధ్రం నీరసించిపోతుంది, చెట్టు కోలుకుంటుంది. యూరప్‌లో దాన్ని కావాలని వ్యాప్తి చేసి చెట్లను కాపాడుకున్నారు. లీష్మేనియా వైరస్ కూడా ఇలాగే పరాన్నజీవి నడ్డి విరుస్తుందని ఎదురుచూడటం తప్పేమీ కాదు. జరిగింది మాత్రం దానికి పూర్తిగా ఎదురు.

చచ్చిన పరాన్నజీవులు చేసే మేలు

ఈ మలుపు 2011లో వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ విశ్వవిద్యాలయంలో నికొలా ఫాజెల్ బృందం, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్టీఫెన్ బెవర్లీ తదితరులతో కలిసి, లీష్మేనియా గయానెన్సిస్ అనే జాతిని పరిశీలించింది. వాళ్ల దగ్గర ఒకే మూలం నుంచి వచ్చిన రెండు రకాలు ఉన్నాయి. ఒకటి హామ్‌స్టర్ అనే ఎలుక లాంటి జంతువుల్లో పుట్టినచోటు దాటి ఇతర భాగాలకు పాకుతుంది, రెండోది పాకదు. రెంటినీ ఎలుకల మాక్రోఫేజ్‌లకు ఎక్కించి చూశారు. మాక్రోఫేజ్ అంటే చొరబడినదాన్ని మింగి జీర్ణం చేసే రోగనిరోధక కణం. లీష్మేనియా ఎంచుకునే నివాసం కూడా అదే కావడం ఈ జబ్బులోని పాత వింత. పాకే రకం లోపలికి వెళ్లగానే మాక్రోఫేజ్‌లు ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే వాపునూ మంటనూ పెంచే రసాయనాల్ని కుమ్మరించాయి. పాకని రకానికి ఆ స్పందన లేదు. తేడా ఎక్కడుందని వెతికితే ఎల్ఆర్‌వీ1 దగ్గర తేలింది. పాకే రకంలో అది దండిగా ఉంది.

లోపల జరిగేది కాస్త దగ్గర నుంచి చూడాలి. మాక్రోఫేజ్ మింగిన పరాన్నజీవులన్నీ బతకవు. మొదటి గంటల్లో కొన్ని జీర్ణ సంచిలోనే చస్తాయి. చచ్చినవి చిట్లినప్పుడు వాటిలోని వైరస్ గుల్లలూ, ఆ గుల్లల్లోని రెండు పోగుల ఆర్ఎన్ఏ కూడా ఆ సంచిలోకే పడతాయి. సరిగ్గా అలాంటి సంచుల లోపలి గోడలకే టీఎల్ఆర్3 అనే గ్రాహకం ఉంటుంది. రెండు పోగుల ఆర్ఎన్ఏ కనిపిస్తే ‘వైరస్ వచ్చింది’ అని సంకేతం పంపడం దాని పని. ఆ సంకేతంతో కణం ఇంటర్‌ఫెరాన్ బీటా వంటి వైరస్ వ్యతిరేక రసాయనాల్నీ, వాటితో పాటు ఇన్‌ఫ్లమేషన్ పెంచే టీఎన్ఎఫ్, ఐఎల్6 వంటివాటినీ విడుదల చేస్తుంది. టీఎల్ఆర్3 లేకుండా పుట్టించిన ఎలుకలకు అదే పరాన్నజీవిని ఎక్కిస్తే వాపు తగ్గింది, పరాన్నజీవుల సంఖ్యా తగ్గింది. పరాన్నజీవితో పనిలేకుండా ఆ ఆర్ఎన్ఏను ఒక్కదాన్నే ఇచ్చినా మాక్రోఫేజ్‌లు దాదాపు అదే తీరుగా రెచ్చిపోయాయి.

స్పందన ఇంత గట్టిగా ఉంటే పరాన్నజీవి చావాలి కదా అనిపిస్తుంది. చావదు. వైరస్‌ను ఎదుర్కొనే ఏర్పాటు వేరు, లీష్మేనియాను చంపే ఏర్పాటు వేరు. లీష్మేనియాను చంపాలంటే రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామాను విడుదల చేసి మాక్రోఫేజ్‌ను ఉసిగొల్పాలి. దొంగ పడిన ఇంటికి ఫైరింజన్ వచ్చినట్టు, ఇక్కడ దిగేది ఇంటర్‌ఫెరాన్ బీటా లాంటి ఒకటో రకం ఇంటర్‌ఫెరాన్. సామానంతా తడిసి పాడవుతుంది, దొంగ మాత్రం దొరకడు. అంతటితో పోయినా బాగుండేది. ఒకటో రకం ఇంటర్‌ఫెరాన్ ఎక్కువైతే గామా సంకేతాన్ని అందుకునే గ్రాహకాలే తగ్గిపోతాయని 2017లో వచ్చిన పరిశోధన చూపించింది. అంటే రావలసిన సాయం వచ్చినా తలుపు తీసేవాళ్లు ఉండరు. దీనికి తోడు, ఈ వైరస్ ఉన్న పరాన్నజీవి చేరిన మాక్రోఫేజ్ ఎక్కువకాలం బతుకుతుందని మరో అధ్యయనంలో తేలింది. పరాన్నజీవి తలదాచుకునే ఇంటికి ఆయుష్షు పెరిగినట్టే.

ఆ 2017 పరిశోధనలోనే మరొకటి ఉంది, నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యంగా తోచేది అదే. ఎల్ఆర్‌వీ1 లేని లీష్మేనియాను ఎక్కించిన ఎలుకలకు పూర్తిగా సంబంధం లేని మరో వైరస్‌ను సోకించారు. అప్పుడు కూడా జబ్బు పాకింది, మానిన పుండు తిరగబెట్టింది. కాబట్టి ఎల్ఆర్‌వీ1కి ప్రత్యేకమైన విషం ఏదీ అక్కర్లేదు. వైరస్ వచ్చిందన్న సంకేతం పుడితే చాలు, అది ఎవరివల్ల పుట్టినా ఫలితం ఒకటే.

2019లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ ఒలివియె బృందం ఇంకో అడుగు వేసింది. లీష్మేనియా తన లోపలి నుంచి చిన్న చిన్న పొర సంచుల్ని బయటికి వదులుతూ ఉంటుంది. వీటిని ఎక్సోసోమ్‌లు అంటారు. వైరస్ ఆ సంచుల్లో ఎక్కి బయటికి వస్తోందని, వైరస్ లేని లీష్మేనియాలోకి కూడా అలా చేరగలుగుతోందని వాళ్లు చూపించారు. బయటపడే దారి లేదనుకున్న వైరస్‌కు పరాన్నజీవి పొరే కోటులా ఉపయోగపడుతోంది.

ఎలుక నుంచి మనిషి దాకా

ఎలుకల్లో ఇంత స్పష్టంగా ఉన్నది మనుషుల్లో అంత నున్నగా లేదు. ఫ్రెంచ్ గయానాలో లీష్మేనియా గయానెన్సిస్ రోగుల్లో ఎల్ఆర్‌వీ1 ఉన్నవారికి మొదటి చికిత్స విఫలం కావడం, జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2016లో ఒక అధ్యయనం చెప్పింది. అదే ఏడాది పెరూ, బొలీవియాల్లో లీష్మేనియా బ్రెజిలియెన్సిస్ మీద చేసిన అధ్యయనం కూడా వైరస్‌కూ మందు పనిచేయకపోవడానికీ సంబంధం ఉందంది. బ్రెజిల్‌లో అంతకుముందే జరిగిన పరిశీలన మాత్రం జబ్బు తీవ్రతను ఒక్క వైరస్‌కే కట్టబెట్టలేమని తేల్చింది. ముక్కు దెబ్బతిన్న రోగుల్లో కొందరి పరాన్నజీవుల్లో వైరస్ లేదు, వైరస్ ఉన్న కొందరికి మామూలు పుండుతోనే పోయింది.

ఈ తేడాలకు కారణాలు వెతకడం కష్టం కాదు. పరాన్నజీవి జాతి వేరు, వాడిన మందు వేరు, రోగి శరీర తత్వం వేరు. ఆ సమయంలో రోగికి జలుబో డెంగ్యూనో ఉందా అన్నది కూడా, పైన చెప్పిన ఎలుకల ప్రయోగాన్ని బట్టి చూస్తే, లెక్కలోకి రావాలి. దాన్ని నమోదు చేసే అధ్యయనాలు అరుదు. వైరస్ ఉందో లేదో చూడటానికి వాడే నమూనా కూడా సమస్యే. పుండు నుంచి తీసిన పరాన్నజీవిని ల్యాబ్‌లో పెంచి పరీక్షిస్తే, ఆ పెంపకంలోనే వైరస్ మోతాదు మారే అవకాశం ఉంది.

అందుకే ‘వైరస్, పరాన్నజీవి కుమ్మక్కై మనిషిని దెబ్బతీస్తున్నాయి’ అన్న మాట వినడానికి బాగున్నా, అది అవసరానికి మించిన మాట. వైరస్‌కు కావలసింది తన ఆతిథ్య కణం చీలుతూ పోవడమే. మన రోగనిరోధక వ్యవస్థ తప్పుదారి పట్టడం అందులో పక్కన పుట్టిన ఫలితం కావచ్చు. పరాన్నజీవికి అది కలిసొచ్చింది కాబట్టి వైరస్‌ను వదిలించుకోవాలన్న ఒత్తిడి దానికి రాలేదు. ఎల్ఆర్‌వీ1 ఉండే లీష్మేనియా వర్గానికి ఆర్ఎన్ఏ ఇంటర్‌ఫియరెన్స్ అనే, రెండు పోగుల ఆర్ఎన్ఏను ముక్కలు చేసే యంత్రాంగం ఇప్పటికీ పనిచేస్తోంది. ల్యాబ్‌లో ఆ యంత్రాంగాన్ని వైరస్ మీదికి గట్టిగా గురిపెడితే వైరస్ పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది కూడా. అంటే పరాన్నజీవి చేతిలో ఆయుధం ఉంది, ప్రకృతిలో మాత్రం అది ఆ పని ముగించడం లేదు. కాలా అజార్ తెచ్చే లీష్మేనియా డోనొవాని వంటి జాతులైతే ఆ యంత్రాంగాన్నే పోగొట్టుకున్నాయి.

మిగతా పరాన్నజీవుల్లో

క్రిప్టోస్పోరిడియం పార్వమ్‌ది దగ్గరి పోలిక. చిన్నపిల్లల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో తీవ్ర విరేచనాలు కలిగించే ఈ పరాన్నజీవిలో రెండు ముక్కల ఆర్ఎన్ఏ వైరస్ ఉంటుంది. దాని పేరు సీఎస్‌పీవీ1. పేగు కణంలోకి పరాన్నజీవి చేరినప్పుడు ఈ వైరస్ ఒకటో రకం ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టించి, పరాన్నజీవిని అణిచే రక్షణను బలహీనపరుస్తుందని 2023లో ప్రచురించారు. లీష్మేనియాకూ క్రిప్టోస్పోరిడియానికీ వంశంలో చాలా దూరం. ఒకటి మాక్రోఫేజ్‌లో ఉంటే మరొకటి పేగు గోడ కణంలో ఉంటుంది. వైరస్‌ల కుటుంబాలూ వేరు. అయినా ఇద్దరి విషయంలోనూ మన శరీరం చేసిన పొరపాటు ఒకటే కావడం గమనించదగ్గది.

ట్రైకోమోనాస్‌ది మరో చిక్కు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 15.6 కోట్ల కొత్త కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రధానమైన మందు మెట్రోనిడజోల్, అది పరాన్నజీవిని బాగానే చంపుతుంది. కానీ వైరస్ ఉన్న ట్రైకోమోనాస్ మందు దెబ్బకు చచ్చినప్పుడు వైరస్ రేణువులు బయటపడి చుట్టూ ఉన్న మానవ కణాల్లో ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతాయని 2012లో రైనా ఫిచొరోవా తదితరులు ల్యాబ్‌లో చూపించారు. ఇక్కడ కూడా టీఎల్ఆర్3 దారే. అంతకుముందు, 2001లో, లక్షణాలు లేని ట్రైకోమోనాస్ ఉన్న గర్భిణులపై జరిగిన పెద్ద ట్రయల్‌లో మెట్రోనిడజోల్ ఇచ్చినవారిలో నెలలు నిండని కాన్పులు తగ్గకపోగా పెరిగాయి. కారణం వైరస్సేనా? ఈ రెంటినీ జోడించడం ఆకర్షణీయమైన ఊహే, కానీ ఇప్పటికి ఊహే. లక్షణాలున్నవాళ్లు మందు మానెయ్యడానికి ఇది ఎంతమాత్రం కారణం కాదు. పరాన్నజీవిని చంపడంతో పాటు చచ్చిన తర్వాత అది ఏం వదులుతుందో కూడా చూడాలన్నంతవరకే దీనికి విలువ.

మలేరియాలో ఈ అన్వేషణ ఇంకా మొదట్లోనే ఉంది. 2019లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ హోమ్స్ తదితరులు మలేషియాలోని సబా ప్రాంతపు రోగుల రక్త నమూనాల్లో ప్లాస్మోడియం వైవాక్స్‌తో పాటు ఒక కొత్త ఆర్ఎన్ఏ వైరస్ ఆనవాళ్లను పట్టుకున్నారు. బొమ్మలో బొమ్మ ఇమిడే రష్యన్ మాత్ర్యోష్కా పేరు దానికి పెట్టారు. దీనికి గుల్ల కూడా లేదు, నగ్నంగా ఉండే ఆర్ఎన్ఏ మాత్రమే. అదే అధ్యయనంలో చూసిన మరో మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారమ్‌లో అది కనిపించలేదు. అది మలేరియాను పెంచుతుందా తగ్గిస్తుందా అని తేల్చడానికి ముందు పెద్ద అడ్డంకి ఉంది. వైవాక్స్‌ను ల్యాబ్‌లో నిరంతరం పెంచే పద్ధతే ఇప్పటికీ సరిగా చేతికి రాలేదు.

చంపే వైరస్‌లు అసలే లేవనుకుంటే పొరపాటు. అవి వేరే చోట ఉన్నాయి. అమీబాల్లో పెరిగే భారీ డీఎన్ఏ వైరస్‌లు ఆతిథ్య కణాన్ని పగలగొట్టుకునే బయటికి వస్తాయి. మెదడును తినేసే అమీబాగా వార్తల్లోకెక్కే నెగ్లేరియా ఫౌలెరి కూడా వీటికి లొంగుతుందని 2024లో తెలిసింది. ఆ ఏడాది ప్రచురించిన నెగ్లేరియావైరస్, పరీక్షించిన నెగ్లేరియా జాతులన్నిటినీ చంపింది, వాటిలో ఫౌలెరి ఒకటి. సోకినవారిలో దాదాపు అందరూ చనిపోయే జబ్బు కాబట్టి ఆశ పుట్టడం సహజం. కానీ గిన్నెలో అమీబాను చంపడం వేరు, రోజుల వ్యవధిలో ప్రాణం తీసే జబ్బులో మెదడు లోపలికి అంత పెద్ద వైరస్‌ను చేర్చడం వేరు. దీన్ని ఇప్పుడే చికిత్స అని పిలవడం తొందరపాటు.

అందుకని లీష్మేనియా విషయంలో పరిశోధకులు ఎంచుకున్న దారి దీనికి తిరుగుముఖం. వైరస్‌తో పరాన్నజీవిని చంపడం కాదు, పరాన్నజీవిలోని వైరస్‌నే చంపడం. 2సీ-మిథైల్ అడెనోసిన్ అనే పదార్థం ల్యాబ్‌లో లీష్మేనియాను దాదాపు ముట్టకుండానే ఎల్ఆర్‌వీ1ను తుడిచేసింది. వైరస్ పైగుల్ల ప్రొటీన్‌తో ముందుగా టీకా వేసిన ఎలుకల్లో పుండు చిన్నదైంది, పరాన్నజీవులూ తగ్గాయి. మనిషికి ఎన్నడూ సోకని వైరస్‌కు మనిషికి టీకా వేయడమన్నమాట. వినడానికి వింతగా ఉన్నా, లీష్మేనియాకు మనుషుల కోసం విస్తృతంగా ఆమోదం పొందిన టీకా ఇంతవరకు లేదన్నది గుర్తుంచుకుంటే అంత వింతగా ఉండదు.

వీటికన్నా ముందు జరగాల్సిన పని చాలా మామూలుది. లీష్మేనియా రోగికి మందు మొదలుపెట్టే రోజునే పుండు నమూనాలో పరాన్నజీవి జాతితో పాటు వైరస్ ఉందో లేదో కూడా చూసి రాసుకోవాలి. పీసీఆర్ సదుపాయం ఉన్న ల్యాబ్‌కు ఇది పెద్ద భారం కాదు. ఆ తర్వాత అదే రోగిని ఒకటి రెండేళ్లు వెంటాడి, మానిన పుండు మళ్లీ లేచిందా, ముక్కులో ఏమైనా మొదలైందా అని చూడాలి. ఫ్రెంచ్ గయానాలో ఒక తీరుగా, బ్రెజిల్‌లో మరో తీరుగా వచ్చిన ఫలితాల మధ్య తగవు తీరేది అలాంటి నమోదుల దగ్గరే.